ఎస్తేరమ్మ టీచర్ చీటీలు

మొన్న మా వీధి మలుపులో పోస్టర్లు అంటించేవాళ్లు మూడు రాళ్ల పొయ్యి మీద మైదా జిగురు కాస్తున్నారు. ఉడికీ ఉడకని పిండి వాసన, పురుగు పట్టకుండా అందులో కలిపే మైలుతుత్తం ఘాటు. కూరగాయల సంచీ పట్టుకుని అక్కడే నిలబడిపోయాను. "ఏమ్మా, ఏం కావాల?" అని వాళ్లలో ఒకడు అడిగాడు. ఎస్తేరమ్మ టీచర్ గుర్తొచ్చిందంటే వాడికేం తెలుస్తుంది? మీకూ తెలియదు. బళ్లారి కంటోన్మెంట్‌లో చర్చి వెనక పెంకుటింట్లో ఏళ్ల తరబడి అద్దెకున్న మనిషి ఆమె. బడిలో కన్నడం చెప్పేది. ఇంట్లో తెలుగు, చదివే బైబిలు తెలుగు, కోపమొస్తే మాత్రం కన్నడం. భర్త చిన్న వయసులోనే పోయాడు, పిల్లలు లేరు. జీతం వచ్చిన రోజు స్టేషన్ ముందున్న దుకాణానికి వెళ్లి కన్నడ బొమ్మల కథల పుస్తకాలు కొనుక్కొచ్చేది. అవి పిల్లలకే కానీ, ముందు తాను చదివి కిలకిలా నవ్వుకున్నాకే మాకిచ్చేది.

మాది సిరుగుప్ప తాలూకా దేశనూరు. మావాళ్లు గోదావరి వైపు నుంచి కాలువ నీళ్ల కోసం వచ్చి వరి పండించుకుంటూ అక్కడే స్థిరపడ్డారు. ఊళ్లో మావాళ్లు పెట్టుకున్న తెలుగు బడిలో ఐదో తరగతి అయ్యాక, నాన్న నన్ను తెచ్చి కంటోన్మెంట్‌లో పిన్ని ఇంట్లో దించాడు. తెచ్చి వేసింది కన్నడ బడిలో! అక్షరాలు మన అక్షరాలకు అక్కచెల్లెళ్లే కాబట్టి కూడబలుక్కుని చదివేదాన్ని. ఒక్క ముక్కకు అర్థం తెలిస్తే ఒట్టు. పాఠం చదవమంటే గడగడా చదివి, ఇందులో ఏముందంటే గుడ్లు తేలేసేదాన్ని. క్లాసంతా నవ్వేది. ఒక సాయంత్రం పిట్టగోడ మీద కూర్చుని ఏడుస్తుంటే, పక్కింటి ఎస్తేరమ్మ టీచర్ చూసింది. "ఏందే పాపా, ఈడ కూర్చోని ముక్కు చీదుతాండావు? ఏడిస్తే కన్నడం వస్తాదా? లోపలికి రా" అంది. వెళ్తే నా చేతిలో ఒక బొమ్మల పుస్తకం పెట్టింది. బొమ్మలో ఎవరు మాట్లాడుతున్నా, ఆ మాటల బుడగ మీద చిన్న చీటీ, చీటీ మీద తెలుగు. పై అంచుకు మాత్రమే జిగురు రాసి అంటించిన చీటీలవి. కిటికీ రెక్కలాగా ఎత్తితే కింద అసలు కన్నడ మాట కనబడుతుంది. "ముందు తెలుగు చదువు. బొమ్మ చూడు. ఆమీద చీటీ ఎత్తి కన్నడం చదువు. రోంత ఓపిక పెట్టుకో, అంతే" అంది. వీధిలోని తెలుగిళ్ల పిల్లలందరూ అట్లాగే కన్నడం నేర్చుకున్నారని తర్వాత తెలిసింది.

ఆమెకో పద్ధతుండేది. ఒక పుస్తకాన్ని చీటీలు చూడకుండా, తప్పు లేకుండా చదివి అర్థం చెప్పిన పిల్లలే కొత్త పుస్తకానికి చీటీలు రాయాలి. అంతవరకూ కలం ముట్టనిచ్చేది కాదు. నాకా వంతు రావడానికి ఏడాది పట్టింది. ఆ రోజు నా దర్జా చూడాలి! కథలో ఒక కాకి గాడిదను పలకరించే చోట "ఏమండీ గాడిదగారూ, ఎక్కడికి బయలుదేరారు?" అని రాశాను. టీచర్ చదివి కళ్లనీళ్లొచ్చేదాకా నవ్వింది. "గాడిదకు గారు ఏందే! మీ గోదావరోళ్ల మర్యాద తగలెయ్య!" అంది. తప్పేమోనని కొట్టేయబోతే చెయ్యి పట్టుకుంది. "ఉండనీ. మీ తట్టు అట్ల మాట్లాడతారని మిగతా పిల్లోళ్లకూ తెలీనీ" అని తానే జిగురు రాసి అంటించింది. నా మాటను దిద్దకుండా వదిలిన మొదటి మనిషి ఆమె. ఆ ధైర్యంతోనే క్లాసులో లేచి నిలబడి మాట్లాడటం మొదలుపెట్టాను, చదువు పూర్తి చేశాను, ఉద్యోగం తెచ్చుకున్నాను.

ఉద్యోగం కూరెకుప్ప వైపు, ఇనుప రాయి లారీలకు కాగితాలు రాసిచ్చే ఆఫీసులో. రాయి ధర పెరిగి బళ్లారి దశ తిరిగిన రోజులవి. ఆరేసిన తెల్ల చీర సాయంత్రానికి ఎర్రబడేది. నిన్నటిదాకా సైకిలు తొక్కినవాడు ఇవాళ కారు దిగేవాడు. కంపెనీలవాళ్లు ఇళ్ల కోసం ఎగబడి అడిగినంత అద్దె ఇస్తుంటే, టీచర్ ఇంటి యజమాని నెలలో ఖాళీ చేయమన్నాడు. అప్పటికి ఆమె రిటైరైంది, ఉబ్బసం కూడా పట్టుకుంది. రెండు వీధుల అవతల ఓ చిన్న ఇల్లుంది కానీ, దాని అడ్వాన్సు ఆమె వల్ల అయ్యేది కాదు. అది కుదరకపోతే కూరెకుప్పలో తమ్ముడింటికి పోవాలి. ఆ దుమ్ములో ఆమె ఊపిరి ఎన్నాళ్లు నిలుస్తుంది? తలచుకుంటేనే నాకు భయం వేసేది. ఒక ఆదివారం ఆమే అంది: "పుస్తకాలు అమ్మేస్తా పాపా." "అన్నీనా టీచర్?" అన్నాను. "ఇల్లు లేకుంటే పుస్తకాలు యాడ పెట్టుకునేది?" అంది.

మా ఆఫీసులో ఒకాయన ద్వారా, పాత బొమ్మల పుస్తకాలు కొనే మనిషిని బెంగళూరు నుంచి నేనే పిలిపించాను. చేతులు తుడుచుకుని గానీ పుస్తకం ముట్టుకోడు. ఒక్కొక్కటీ తిప్పి చూసి, చీటీలు చూసి నొచ్చుకున్నాడు. "చీటి ఇల్దిద్రె మూరు పట్టు కొడ్తిద్దె, మేడం" అన్నాడు. చీటీలు లేకుంటే మూడింతలు ఇచ్చేవాడట. ఉన్నవి ఉన్నట్టుగా అయితే అతను చెప్పిన ధర అడ్వాన్సులో సగానికి కూడా రాదు. పది రోజుల్లో మళ్లీ వస్తానన్నాడు. టీచర్ ఆలోచించి చెప్తానంది. మర్నాడు ఆదోనిలో మేనకోడలి పెళ్లికి వెళ్తూ, కనకాంబరాలకు నీళ్లు పొయ్యమని ఇంటి తాళంచెవి నాకిచ్చింది.

నాకు తొందరెక్కువ. ఎసరు కాగకముందే బియ్యం పోసే రకం. ఆమె ఆలోచించేదేముంది, ఊరు దాటకుండా చూడాలి గానీ అనుకున్నాను. ఆఫీసుకు సెలవు పెట్టి, ఆమె ఊళ్లో లేని మూడు రోజులూ తడిగుడ్డతో ఒక్కో చీటీనీ నానబెట్టి ఊడదీశాను. మైదా జిగురు కదా, హాయిగా వచ్చేశాయి. పుస్తకాలన్నీ ఆరబెట్టి, వరసగా పేర్చి, బకెట్లో ముద్దయిన చీటీలను కాలవలో గుమ్మరించాను. టీచర్ వచ్చి చూసి మురిసిపోతుందని నా ధీమా.

ఆమె గడపలోనే తడి కాగితం వాసన పట్టింది. సంచీ కింద పెట్టకుండానే ఒక పుస్తకం తీసి, చీటీ ఉండాల్సిన చోట వేలు పెట్టి తడిమింది. "యారు హేళిద్రు నినగె?" అని గట్టిగా అరిచింది. నీకు ఎవరు చెప్పారని. నా మీద ఆమె కన్నడంలో అరవడం అదే మొదలు. కాసేపటికి కుర్చీలో కూలబడి, మామూలు గొంతుతో "చీటీలు యాడబెట్టినావు?" అంది. "కాలవలో పోశాను టీచర్" అన్నాను. "నేనూ తీసేద్దామనే అనుకున్న్యా. పెళ్లి నుంచి వచ్చి బ్లేడు పెట్టి మెల్లగా కోసి, డబ్బాలో పెట్టుకుందామని. పుస్తకాలు వానికి, చీటీలు నాకు. పిల్లోళ్ల చేతిరాత గదే అదంతా! ఒక మాట అడిగింటే చెప్తాంటి గదా" అంది. తర్వాత నా ముఖం చూసి, "నువ్వు రాసినవీ ఉన్న్యాయి గదా పాపా. చూసుకోలేదా?" అంది. చూసుకోలేదు. మూడు రోజులు ఊడబీకానే తప్ప ఒక్క చీటీ అయినా చదవలేదు.

బెంగళూరు మనిషి చెప్పిన మాట ప్రకారం మూడింతలిచ్చాడు. టీచర్‌కు ఆ చిన్న ఇల్లు దొరికింది. చర్చిలో అందరితో "ఈ పాప వల్లనే ఊర్లో ఉండాను" అని చెప్పేది. ఆ మాట విన్నప్పుడల్లా నాకు తల ఎత్తబుద్ధయ్యేది కాదు. సామాను మార్చేటప్పుడు మంచం కింద ట్రంకు వెనక, నా కంట పడని ఒక్క పుస్తకం దొరికింది. కొత్తింట్లో ఒక సాయంత్రం దాన్ని ఒళ్లో పెట్టుకుని ఒక్కో చీటీ మీదా వేలు పెట్టి చెప్పింది. "ఇది షాహీనాది, హొస్పేటలో నర్సు. ఈ కొక్కిరి గీతలు వెంకటేశువి, లారీ తోలుతాండాడు. ఇది యేసుపాదం రాసింది. పాపం, పదో క్లాసులోనే జ్వరమొచ్చి పోయినాడు." చివరి పేజీ దాకా చూశాను. "నాదేదీ లేదా టీచర్?" అన్నాను. "లేదు పాపా" అని పుస్తకం మూసి, కాఫీ కలపడానికి లేచింది.

ఆమె పోయి చాలా ఏళ్లయింది. ఇప్పుడు నేను ఎవరి వస్తువునైనా అడక్కుండా ముట్టుకోను. పిల్లల సంచీలో నలిగిన కాగితం కనబడినా పారేయొచ్చా అని రెండుసార్లు అడుగుతాను. "చీపురు పట్టుకోని ఇంటిల్లిపాదినీ పర్మిషన్ అడుగుతావు, ఏంది కథ?" అని మా ఆయన ఆటపట్టిస్తాడు. నవ్వుకోనీ. ఇన్ని అడుగుతానా, అడగాల్సిన చోట అడగలేదు. ఆ సాయంత్రం ఆమె కాఫీ తెచ్చి పక్కన కూర్చున్నప్పుడు, ఇంకొక చీటీ రాసివ్వనా టీచర్ అని అడిగి ఉండాల్సింది. నోరు రాలేదు.