బావ వెతికిన నీళ్లు

మా బావ బ్యాటరీలు బాగుచేస్తాడు. పనిలో దిట్టే గాని, ఒకరి మాట వినడంలో వట్టి మొండిఘటం. అక్కకు షుగరు. కాలివేలికి పుండు పడి మానకపోయేసరికి, ఎవరో చెప్పిన వెండినీళ్లు పట్టుకున్నాడు. గ్లాసు నీళ్లలో రెండు వెండితీగలు ముంచి కరెంటిస్తే వెండి నీళ్లలోకి దిగుతుందట. ఆ నీళ్లతో గుడ్డ తడిపి కడితే ఎంతటి పుండైనా మానుతుందట.

కుళాయి నీళ్లలో తీగలు పెట్టగానే గ్లాసంతా తెల్లగా మసకబారింది. "నీళ్లలో ఉప్పుంది," అన్నాడు. ఫిల్టరు నీళ్లూ అంతే. ఏసీ గొట్టం కింద బకెట్టు పెట్టాడు, డాబా మీద వాన పట్టాడు. చివరికి కొట్లో బ్యాటరీలకు పోసే డిస్టిల్డ్ వాటర్ తెస్తే, నీళ్లలో ఉప్పుంటే కదిలే మీటరు ముల్లు అందులోనూ కదిలింది. ఇన్నేళ్లూ అందరి బ్యాటరీల్లో పోసింది ఆ నీళ్లే. పాపం, ముఖం పాలిపోయింది.

"బావా, తప్పు నీళ్లది కాదు. అక్కని డాక్టరుకి చూపిద్దాం."

"చెడ్డ నీళ్లు పోసి, బ్యాటరీ పనికిరాదని పారేస్తామా? సరైన నీళ్లు దొరకనీ బామ్మర్దీ."

కుక్కరు విజిల్ పీకేసి గొట్టం బిగించాడు. ఆవిరి చుక్కచుక్కగా సీసాలో పడుతుంటే, అన్నం వండుకోవడానికి అక్కకు పొయ్యి ఖాళీ లేదు. పుండు మానకపోతే నీళ్లు మార్చేవాడు. వేలు నల్లబడినా నీళ్లే మార్చాడు.

నేను నెత్తీ నోరూ కొట్టుకున్నాను. చెవిటివాడి ముందు శంఖం ఊదినట్టే అయింది. అక్కదీ అదే పాట: "ఈసారి బాగా కుదిరాయంటున్నార్రా."

ఒక ఉదయం వంటింట్లోంచి బావ కేక వేశాడు, ముల్లు కదల్లేదని. అప్పటికే అక్క ఒళ్లు కాలిపోతోంది, పిలిస్తే పలకడం లేదు. ఎవరినీ అడక్కుండా ఆటో ఎక్కించాను. ఆసుపత్రిలో కాలు మోకాలి కిందిదాకా తీసేశారు.

అక్కకు తెలివొచ్చాక ఉండబట్టలేక అడిగాను. "పనిచేయట్లేదని నీకు కనబడలేదా అక్కా?"

"మొదట్లోనే కనబడింది. ఆ గొట్టాలూ తీగలూ లేకపోతే, నా కాలు పట్టుకుని ఏడుస్తూ కూర్చునేవారురా. చూడలేకపోయాను. ఏదో ఒకటి చేసుకోనీలే అనుకున్నా."

కోపం ఎవరి మీద చూపాలో తెలియలేదు. ఏడుపొచ్చింది.

"ఇప్పుడేం చేస్తున్నారాయన?" అనడిగింది.

బయట బల్ల మీద ఊరికే కూర్చున్నాడని ఎలా చెప్పను?