నాంచారమ్మ గారి కారు, నేను బిగించిన బోల్టు

రిటైరవడానికి రెండేళ్ల ముందు నేను తెనాలిలో ఒక కార్ల సర్వీస్ సెంటర్‌లో ఫోర్‌మన్‌గా ఉన్నాను. ఫోర్‌మన్ అంటే మెకానిక్‌లకు పైన, మేనేజరుకు కింద. చెడిపోయి వచ్చిన బండిని తనిఖీ చేసి, కారణమేమిటో రాసి సంతకం పెట్టడం నా పని. నా సంతకం పడ్డాక ఇంకెవరూ ప్రశ్నించేవారు కాదు. ఆ ఏడు జూన్‌లో జరిగిందిది. చెప్పుకోవడానికి ఇప్పటికీ సిగ్గుగా ఉంది.

మా ఇల్లు రేపల్లెలో. ఒక ఆదివారం ఉదయం అడవులదీవి నుంచి మా సెంటర్ పాత కస్టమరు నాంచారమ్మ గారు వచ్చారు. రొయ్యల వ్యాపారం ఆమెది, కారు తనే నడుపుకుంటారు. ఇంజను ముందు భాగం నుంచి ఆయిల్ కారుతోంది. "రేపు పొద్దున్నే బాపట్లలో ఉండాలండి అన్నయ్యగారూ. మీ చెయ్యి పడితే నాకు ధైర్యం" అన్నారు. ఉద్యోగులు ఇంటి దగ్గర బయటి పని చేయకూడదన్నది మా సెంటర్ రూలు. ఆ రూలు కుర్రాళ్లకు చదివి వినిపించేది నేనే. అయినా ఆ మాటకు ఉబ్బిపోయాను. ఎవరికీ చెప్పవద్దని మాత్రం ఆమె దగ్గర మాట తీసుకున్నాను.

ఇంజనులో తిరిగే ఇరుసు, అంటే క్రాంక్‌షాఫ్ట్, చివర ఒక పుల్లీ ఉంటుంది. బెల్టును తిప్పేది అదే. దాని వెనకాల ఆయిల్ కారకుండా ఆపే రబ్బరు సీల్. పుల్లీ తీసి కొత్త సీల్ వేశాను. పుల్లీని తిరిగి ఎక్కించి, మధ్యలో పెద్ద బోల్టు బిగించాలి. ఆ బోల్టు ఒకసారి విప్పితే కొత్తది వేయాలి. ఎంత బిగువు పెట్టామో చూపించే టార్క్ రెంచితోనే బిగించాలి. ఆదివారం షాపులు లేవు, పాత బోల్టే వేశాను. టార్క్ రెంచి తెనాలిలో బీరువాలో ఉంది. మా తరం మెకానిక్‌లకు ఆ రెంచి అంటే చిన్నచూపు, అది చేయి కుదరని వాళ్లకని నవ్వుకునేవాళ్లం. ఇంజను తిరగకుండా గేర్లో పెట్టి, బ్రేకు తొక్కమని మా ఆవిడను కూర్చోబెట్టాను. పానకు ఇనుప గొట్టం తొడిగి లాగాను. "చాలండీ, బండి ఊగిపోతోంది!" అని ఆవిడ కేకేసింది. కొలత నా చేతిలోనే ఉందన్నాను.

పది రోజులకు బెల్టు కీచుమంటోందని నాంచారమ్మ గారు తెనాలి దారిలో వేమూరులో ఆగి, రోడ్డు పక్క షెడ్డు కోటయ్య చేత కొత్త బెల్టు వేయించుకున్నారు. ఆ తర్వాత రెండు రోజులకు బాపట్ల శివార్లలో పుల్లీ ఊడింది. బెల్టు జారిపోయి, దానితో నడిచే పవర్ స్టీరింగు బిగుసుకుపోయి కారు పొలంలోకి దిగింది. ఆమెకు దెబ్బలు తగల్లేదు. బండిని మా సెంటర్‌కే లాక్కొచ్చారు.

చూడగానే నాకు తెలిసిపోయింది. బోల్టు మెల్లగా వదులై, పుల్లీ అటూ ఇటూ ఆడి, షాఫ్ట్ చివర కొరుక్కుపోయింది. అంతటి అరుగుదల రెండు రోజుల్లో రాదు. బెల్టు మార్చడానికి ఆ బోల్టు జోలికి పోనక్కర్లేదు కూడా. నాంచారమ్మ గారు నన్ను పక్కకు పిలిచి, "మీరు బిగించింది ఊడదు కదండి. ఆ కోటయ్య చెయ్యి పెట్టాకే ఇట్టా అయింది" అన్నారు. నేను కాదనలేదు. "బెల్టు మార్చేటప్పుడు పుల్లీ బోల్టు వదులు చేసి, సరిగా బిగించలేదు" అని రాసి సంతకం పెట్టాను. ఉద్యోగం పోతుందన్న భయం కొంత, పరువు భయం అంతకంటే ఎక్కువ.

రిపోర్టు సంగతి విని, వారానికి కోటయ్య వచ్చాడు. దెబ్బలాటకు వచ్చాడనుకున్నాను. చేతులు కట్టుకుని నిలబడ్డాడు. "ఆ బోల్టు ముట్టుకున్న గుర్తు లేదండి సార్. కానీ మీరు రాశారంటే, ముట్టుకుని మర్చిపోయుంటానండి. ఆవిడ ప్రాణం పోయేది కదండీ" అన్నాడు. జాగ్రత్తగా ఉండమని చెప్పి పంపేశాను. ఆ మాట ఎలా అనగలిగానో నాకు తెలియదు.

అతను ఇంజను పని మానేశాడని, పంక్చర్లు మాత్రమే వేస్తున్నాడని ఎనిమిది నెలల తర్వాత విన్నాను. మర్నాడే మేనేజరుకు జరిగిందంతా రాసిచ్చాను. రిపోర్టుల మీద సంతకం పెట్టే అధికారం తీసేశారు. అది న్యాయమే. "అప్పుడే చెప్తే మిమ్మల్ని ఏమన్నా అనేదాన్నా?" అన్నారు, సంగతి చెబితే నాంచారమ్మ గారు. ఆమె దగ్గర్నుంచి నేరుగా వేమూరు వెళ్లి కోటయ్యకు చెప్పాను. అతను చేతిలోని ట్యూబు పక్కన పెట్టి విన్నాడు. తర్వాత, "పాత బోల్టేనా వేసింది?" అని అడిగాడు. అవునన్నాను. "అయితే అదేనండి" అని ట్యూబు నీళ్లలో ముంచి బుడగలు చూసుకోసాగాడు. కూర్చోమనలేదు. మళ్లీ ఇంజను పని మొదలుపెట్టమంటే, నా చెయ్యి మీద నాకే నమ్మకం పోయిందండి అన్నాడు.

తను చేసిన పనిని తనే తనిఖీ చేయకూడదు. చేయక తప్పకపోతే, ఆ పని తనదేనని రిపోర్టు మొదటి పంక్తిలో రాయాలి. నేను ఆ పంక్తి రాయలేదు. వేమూరులో ఒక మంచి మెకానిక్ లేకుండా పోయాడు.