యూనా పోయిందని అవ్వకు చెప్పాను

నిన్న సాయంత్రం పెనుకొండలో డ్యూటీ దిగి హిందూపురం బస్సెక్కాను. సీటు దొరికిందన్న సంబరంలో ఫోన్ తీశాను.

యూనా వాళ్ళ అన్న మెసేజ్.

పొద్దున రోడ్డు దాటుతుంటే లారీ కొట్టిందట. మన యూనా లేదట.

చదివాను. మళ్ళీ చదివాను. ఫోన్ ఆఫ్ చేసి ఆన్ చేశాను, ఆ మెసేజ్ పోతుందేమోనని.

"ఏమ్మా, దిగవా? బస్టాండు వచ్చె" అని కండక్టర్ అంటేగానీ ఊరొచ్చిందని తెలియలేదు.

తెలియనివాళ్ళకు చెబుతున్నా. యూనా కొరియా పిల్ల. పోయినేడాది మా కంపెనీలో ఇంటర్న్‌షిప్‌కి వచ్చింది. ఎవరైనా ఇంట్లో పెట్టుకుంటారా అని ఆఫీసులో అడిగితే, ముందూ వెనకా చూడకుండా "మా ఇంట్లో" అనేశాను.

మా నాయనది కిరాణా కొట్టు. మా ఇంట్లోకి కోడిగుడ్డు కూడా రాదు. "మాంసం తినే పిల్లకు దినామూ పప్పు పెడితే ఎన్నాళ్ళుంటాదే?" అన్నాడు.

ఉంది. ఇంటర్న్‌షిప్ అయ్యేదాకా మా ఇంటి పిల్లలాగే ఉంది.

వచ్చిన రోజు మధ్యాహ్నం అవ్వ సంగటి, పప్పు వడ్డించింది. యూనా చేతులు ఒళ్ళో పెట్టుకుని కూర్చుంది. తినదు. అవ్వేమో ఎదురుగా నిలబడి "తినమ్మా, తిను" అంటుంది. పప్పు చల్లారింది, సంగటి గట్టిపడింది. నచ్చలేదేమోనని అవ్వ ముఖం చిన్నబోయింది.

చివరికి యూనా నన్ను మెల్లగా ఇంగ్లీషులో అడిగింది, అవ్వ ఎప్పుడు మొదలుపెడుతుందని. వాళ్ళ దేశంలో ఇంటి పెద్ద మొదట తినందే చిన్నవాళ్ళు తినరట. మా అవ్వేమో అందరూ తిని లేచాక, గిన్నె అడుగున మిగిలింది తినే మనిషి. కాపురానికి వచ్చినప్పటినుంచీ అంతే.

సంగతి చెప్పగానే అవ్వ పడీపడీ నవ్వింది. "ఓయమ్మా! నేను తినకుంటే ఈ పిల్ల కడుపు మాడ్చుకుంటాదా? యాడ దొరికిందే నీకు?" అని పక్కనే కూలబడి ముద్ద తీసుకుంది.

మా అవ్వ అందరికంటే ముందు తినడం నేను పుట్టాక అదే మొదటిసారి చూడటం. మేమెవరం చెప్పినా వినలేదు. ఆ పిల్ల నోరు తెరిచి చెప్పకపోయినా అవ్వ వినింది.

తర్వాత ధర్మవరంలో బంధువుల పెళ్ళికి అవ్వే వెంటబెట్టుకుని పోయింది. పట్టుచీర కట్టి, పూలు పెట్టి మరీ. "ఎవరమ్మా ఈ పాప?" అని అడిగిన వాళ్ళందరికీ ఒకటే జవాబు. "మా మనమరాలు. పోలిక కనబళ్ళా?"

యూనా కొరియాకు తిరిగి వెళ్ళాక ప్రతి ఆదివారం అవ్వతో వీడియో కాల్. ఈమెకు ఆ భాష రాదు, దానికి మన భాష నాలుగు ముక్కలు. అయినా నవ్వులే నవ్వులు.

ఈరోజు ఆదివారం.

నాయనకు నిన్ననే చెప్పాను. పొద్దున ఆయన కొట్టు షట్టర్ కూడా తీయలేదు. అవ్వ తలదువ్వుకుని, కళ్ళజోడు తుడుచుకుని నా పక్కన కూర్చుంది. "ఏమే, పాప ఇంగా లేయలేదా?"

చెప్పేశాను. ఎలా చెప్పానో నాకే తెలియదు.

అవ్వ ఏడవలేదు. పెరట్లోకి పోయి, కట్టుకున్న చీరతోనే తలమీద చన్నీళ్ళు కుమ్మరించుకుంది. మా ఇళ్ళల్లో సొంతవాళ్ళు పోతేనే అలా చేస్తారు.

పక్కింటావిడ చూసి, "మీకు మైల ఏముంటాది పెద్దమ్మా, ఆ పిల్ల మీకేమవుతాదని?" అంది. అవ్వ తడిబట్టలతోనే గడపలో కూర్చుని నన్ను పిలిచింది.

"వాళ్ళమ్మకు ఫోన్ చేయ్. పాపను ఒక్కదాన్నే యాడన్నా పండుకోబెట్టినారేమో కనుక్కో. కొత్తచోట ఒక్కతే నిద్ర పోదు అది. ఈడికొచ్చినప్పుడు ఏడ్చి ఏడ్చి నా పక్కలోకొచ్చి పండుకునె. మీకెవరికీ చెప్పొద్దనె."

నేనింకా ఫోన్ చేయలేదు. చేతులు రావడం లేదు.

కాలమే నయం చేస్తుందని దయచేసి ఎవరూ కామెంట్ పెట్టకండి. నాకు వినాలని లేదు.

పోయిరా యూనా. నీకు శాంతి దొరకాలి తల్లీ.

మాకు దొరికేట్టు లేదు.