కంప్యూటర్‌కు నేను చేసిన శుక్రవారం సఫాయి

ఎవరూ అడగకుండా, ఎవరూ చెప్పకుండా, ఒక శుక్రవారం పొద్దున ఆఫీసు గది దాటకుండానే ముప్పై మంది సెలవుల మీద నీళ్లు చల్లిన ఘనుణ్ని నేను. అందులో నా సెలవు కూడా ఉంది. చదివి నవ్వుకోండి, నాకేం అభ్యంతరం లేదు. మా క్యాంపు వాళ్లు నవ్వారు, మా ఊరివాళ్లు నవ్వారు, మా ఆవిడ పెళ్లయిన కొత్తలో విని ఇప్పటికీ కూరలో ఉప్పు తక్కువైందన్నప్పుడల్లా గుర్తు చేసి మరీ నవ్వుతుంది. ఒకటే మనవి. అప్పటికి నాకు ఇరవై నాలుగేళ్లు. ఆ వయసులో నాకు తెలియని విషయమంటూ లోకంలో ఏదీ ఉండేది కాదు.

తొంభైల మధ్యలో సంగతి. మెట్‌పల్లి దగ్గరి పల్లె నుంచి నేను బహ్రెయిన్ పోయాను. మా ఊరి లెక్కలో అదీ దుబాయే. అక్కడ హిద్ అనే చోట ఒక కట్టుబడి కంపెనీ క్యాంపు మాది. మొదటి రెండేళ్లు సిమెంటు మోశాను. తర్వాత హాజరు వేసే టైంకీపరు పని ఖాళీ అయింది. మేనేజరు నాదిర్ సాబ్ వచ్చి, "మీలో కంప్యూటర్ ఎవరికొచ్చు?" అని అడిగాడు. ఆయన ప్రశ్న పూర్తయ్యేలోపే నా చెయ్యి గాల్లో ఉంది.

అబద్ధమేం కాదు. కరీంనగర్‌లో మూడు నెలల కోర్సు చేశాను. కాకపోతే ఆ మూడు నెలల్లో కంప్యూటర్ ముందు కూర్చున్నది తక్కువ, చెప్పులు విప్పి ఏసీ గది బయట నా వంతు కోసం నిలబడ్డది ఎక్కువ. అయితేనేం, సర్టిఫికెట్ మీద బంగారు రంగు ముద్ర ఉంది.

ఈ కాలం పిల్లలకు ఒక మాట చెప్పాలి. అప్పటి కంప్యూటర్‌లో బొమ్మలుండవు, మౌసు ఉండదు. నల్లటి తెర, దాని మీద ఒక సీ అక్షరం, పక్కన మినుకు మినుకుమనే చిన్న గీత. ఏం కావాలో ఇంగ్లీషులో టైపు చేయాలి. సరిగ్గా కొడితే చేస్తుంది, తప్పు కొడితే తిడుతుంది. నాకు వచ్చిన మాటలు ఐదారు. ఐదారు మాటలతో నేను ఆ పెట్టెకు యజమాని అయిపోయాను.

ఆ సీ అక్షరం నాకు నచ్చలేదు. ముద్దూ ముచ్చటా లేని పలకరింపు. అందుకని పొద్దున్నే "యల్లా", అంటే అరబ్బీలో పద పద, అని కొట్టగానే ఆ సీ అక్షరం పోయి, ఇంగ్లీషు అక్షరాల్లో "చెప్పు అన్నా" అని వచ్చేటట్టు చేశాను. ఫైలు తీసేయడానికి కోర్సులో నేర్పిన మాట పక్కన పెట్టి, "ఖలాస్" అని కొడితే పోయేటట్టు చేశాను. తెర నన్ను రోజుకు వందసార్లు అన్నా అంటుంటే ఛాతీ రెండంగుళాలు పెరిగింది.

ఒకరోజు నాదిర్ సాబ్ తెర వైపు వంగి చూశాడు. ఆయన హిందీని నేను తెలుగులో చెబుతున్నాను. "ఇదేం రాసింది?"

"హుకుం కోసం చూస్తోంది సాబ్. తమరు ఏం చెబితే అది చేస్తానంటోంది."

"మాషా అల్లా. నీకంటే ఇదే నయం," అని వెళ్లిపోయాడు.

అసలు ఆ కంప్యూటర్ మీద సర్వాధికారాలు మా అకౌంటెంటు కురియన్ గారివి. ఆయన కేరళకు సెలవు మీద పోతూ నన్ను పిలిచి, "సెలవు కాగితాలన్నీ లోపల తయారుగా ఉన్నాయి. శనివారం పొద్దున ప్రింటు తీయి. పదకొండుకు మేనేజరు వస్తాడు, సంతకం పెట్టించు. పన్నెండుకల్లా హెడ్డాఫీసుకు పోవాలి. దాటితే ఈ బ్యాచిలో ఎవరికీ టిక్కెట్టు రాదు, మూడు నెలలు ఆగాలి. ప్రింటు తప్ప ఇంకేదీ ముట్టుకోకు," అన్నాడు.

"సరే సార్," అన్నాను. నిజంగానే సరే అనుకున్నాను కూడా.

ఆ బ్యాచిలో పోవాల్సినవాళ్లలో పోసన్న ఉన్నాడు. పోసన్నది మా ఊరే, మేస్త్రీ పని, నా మంచం పక్క మంచం. పోసన్న విమానం ఎక్కిన నాలుగు నెలలకు ఇంట్లో బిడ్డ పుట్టింది. ఇంకా చూడలేదు. మాట్లాడాలనిపిస్తే క్యాసెట్‌లో నింపి పంపేవాడు. ఆ పిల్ల ఇప్పుడు టేపురికార్డరును చూపించి బాపు అంటోందని ఇంటినుంచి ఉత్తరం వచ్చింది. ఆ ఉత్తరం చదివి వినిపించింది నేనే. విని పోసన్న నవ్వాడు. తర్వాత ముఖం కడుక్కోవడానికి పోయి చాలాసేపు రాలేదు. ఇద్దరం కలిసి ఒకే విమానంలో పోవాలని అనుకున్నాం.

ఇక ఆ శుక్రవారం. మా క్యాంపులో శుక్రవారమంటే సఫాయి. అక్కడొక గట్టి రూలు ఉండేది. సెలవు మీద పోయేవాడు తన సామాన్ అట్టపెట్టెలో కట్టి, దాని మీద పేరు రాసి పోవాలి. పేరున్న పెట్టెను ఏడాదైనా ఎవరూ ముట్టరు. పేరు లేని పెట్టె కనబడితే వరండాలో నిలబడి, "ఇదెవలిది?" అని మూడుసార్లు అరుస్తారు. పలకకపోతే చెత్తబండిలోకి. ఈ రూలు పెట్టినవాడెవడో గాని మహా తెలివైనవాడని నా నమ్మకం.

పోసన్న ఏసీ కోసం ఆఫీసులోకి వచ్చి కుర్చీలో జారగిలపడ్డాడు. నేను కంప్యూటర్‌లో ఉన్న ఫైళ్ల పేర్లన్నీ తెర మీదికి తెప్పించాను. యాదయ్య అని ఒక ఫైలు, సెల్వం అని ఒకటి, అస్లం అని ఒకటి. ఇవి మా ముగ్గురు ఫోర్‌మన్‌ల పేర్లు. వాళ్ల వాళ్ల గ్యాంగు సెలవులు అందులో ఉన్నాయి. బాగానే ఉంది. మరి మిగతావేమిటి? ఎవరివో తెలియని పేర్లు తెర నిండా బారులు తీరి ఉన్నాయి. అయ్యో, కురియన్ గారు ఎంత చెత్త పెంచాడు అని జాలిపడ్డాను.

"అన్నా, గీడ కమాండ్ అని ఒకటున్నది. కమాండ్ అనేటోడు ఎవలన్న ఉన్నడా మన క్యాంపుల?"

పోసన్న కళ్లు మూసుకునే ఆలోచించాడు. "మద్రాసోడేమో."

"మద్రాసోళ్ల పేర్లన్నీ నాకెరుకే. రోజు హాజరేసేది నేనేనాయె."

"గట్లయితె పాకిస్తానోడు."

"గాళ్లల్ల సుత లేడు."

"మూడుసార్లు అడిగినవా?"

రూలు రూలే కదా. లేచి తలుపు తీసి వరండాలోకి, "కమాండ్ ఎవలిది?" అని మూడుసార్లు అరిచాను. బట్టలు ఉతుక్కుంటున్న ఒకడు తల ఎత్తి చూసి మళ్లీ ఉతుక్కున్నాడు. ఇంకెవరూ పలకలేదు. వచ్చి కూర్చుని ఖలాస్ అని కొట్టాను. పోయింది. తర్వాత ఆటోఎగ్జెక్ అని ఒకటి, కాన్ఫిగ్ అని ఒకటి. ఆ పేర్లు వరండాలో అరవడానికి నాకే సిగ్గేసి, మెల్లగా గొణిగి తీసేశాను. ఊపు వచ్చాక గొణగడం కూడా మానేశాను. పేరుందా, ఉండు. లేదా, ఖలాస్. పోసన్న పక్కనుంచి, "గది సుత పారేయి, గంత అక్కెరున్నోడైతె పేరు రాసుకుంటుండె," అని తీర్పులు చెప్పాడు. అరగంటలో తెర అద్దంలా మెరిసింది. కంప్యూటర్ ఒక్క మాటైనా ఎదురు చెప్పలేదు. దానికీ ఒళ్లు తేలికపడ్డట్టుంది అనుకుని, స్విచ్చి ఆపి, భోజనానికి పోయాను. మెస్సులో నలుగురికి చెప్పుకున్నాను కూడా.

శనివారం పొద్దున ఏడుకు స్విచ్చి వేశాను. కంప్యూటర్ గుర్రుమంది, కీచుమంది, ఒక్క ఇంగ్లీషు వాక్యం రాసి ఆగిపోయింది. కమాండ్ ఇంటర్‌ప్రెటర్ చెడిపోయిందో, కనబడకుండా పోయిందో అని దాని అర్థం. యల్లా అని కొట్టాను. కదల్లేదు. ఆపి మళ్లీ వేశాను. అదే వాక్యం. అన్నా అని పిలిచే గొంతు మూగబోయింది.

తనకు కడుపునొప్పని ఫోర్‌మన్‌తో చెప్పి కాగితం చూసుకోవడానికి పోసన్న వచ్చాడు. "వచ్చిందా తమ్మీ నా పేరు?"

"వస్తది అన్నా."

"ఎప్పుడు?"

నేను తెర వైపు చూశాను. పోసన్న కూడా చూశాడు. అతనికి చదవడం రాదు గాని నా ముఖం చదవడానికి బడికి పోనక్కర్లేదు.

"నిన్న మనం పారేసినం సూడు, కమాండ్," అన్నాను మెల్లగా. "వాడు కావాల్నట."

"వాడు మన క్యాంపోడు కాదంటివి గద," అన్నాడు పోసన్న. గొంతులో కోపం లేదు. అదే నన్ను చంపింది. తిట్టినా బాగుండేది.

మెస్సుకు కూరగాయలు తేవడానికి పికప్పు రాజధాని మనామాకు పోతోంది. కంప్యూటర్‌కు పోసన్నను కాపలా పెట్టి, ఎవ్వరినీ ముట్టనియ్యకని చెప్పి, డ్రైవర్ పక్కన ఎక్కి కూర్చున్నాను. అక్కడి నయీమ్ పేటలో ఒక సందులో యూసుఫ్ భాయ్ అని హైదరాబాదీ, టీవీలూ కంప్యూటర్లూ బాగుచేసేవాడు. ఆయన షట్టర్ సగం ఎత్తగానే కింద నుంచి దూరాను.

"క్యా మియా, దొంగతనానికి వచ్చినవా?"

జరిగింది చెప్పాను. ఆయన చేతిలో టీ గ్లాసు కింద పెట్టాడు. "మళ్ల చెప్పు. ఎందుకు తీసేసినవ్?"

"దాని మీద పేరు లేదు భాయ్."

"ఎవరి పేరు?"

"ఎవరి పేరూ లేదు. మా క్యాంపులో రూలు అది."

యూసుఫ్ భాయ్ నన్ను పైనుంచి కిందికి చూశాడు. "మియా, నీ కంప్యూటర్ల నీ మాట వినేటోడు ఆ కమాండ్ ఒక్కడే. నువ్వు ఖలాస్ అని కొడితే ఆ మాట ఎవరు విన్నరనుకుంటున్నవ్? వాడే విన్నడు. వాడ్ని గెంటేయమని వాడికే చెప్పినవ్. పాపం, నోరు మూసుకుని పోయిండు."

ఇది అర్థమవడానికి నాకు కొంత సమయం పట్టింది. అర్థమయ్యాక అక్కడున్న పాత టీవీల మధ్య ఎక్కడైనా దాక్కోవాలనిపించింది. యూసుఫ్ భాయ్ మాత్రం కడుపు పట్టుకుని నవ్వి, పక్క కొట్టు దర్జీని పిలిచి మళ్లీ నా చేత చెప్పించి, ఇద్దరూ కలిసి నవ్వి, అప్పుడు సొరుగులోంచి ఒక ఫ్లాపీ తీశాడు.

"ఇది పెట్టి స్విచ్చి వెయ్యి. ఎ అక్షరం వస్తది. అప్పుడు సిస్ అని కొట్టు, జాగా విడిచి సీ, పక్కన రెండు చుక్కలు. అంతే. ఫార్మాట్ అనే మాట కొట్టినవనుకో, ఇల్లు తగలబెట్టినట్టే."

"ఎంత ఇయ్యాలె భాయ్?"

"ఏం వద్దు. ఈ కథ నాకు పదేండ్లు వస్తది."

దారంతా ఆ నాలుగు ముక్కలు జపించాను. "సిస్, జాగా, సీ, రెండు చుక్కలు." ముహర్రఖ్ వంతెన మీద డ్రైవర్ పక్కకు తిరిగి, "ఎవరైనా పోయారా?" అని అడిగాడు. తల ఊపాను. నిజమే కదా.

క్యాంపు చేరేసరికి పదిన్నర. ఆఫీసు తలుపు తీస్తే పొగ. పై ప్రాణాలు పైనే పోయాయి. చూస్తే పోసన్న కంప్యూటర్ ముందు అగరొత్తులు వెలిగించి, తెరకు బొట్టు పెట్టి, చేతులు కట్టుకుని నిలబడ్డాడు. "నాకు వచ్చింది గిదే తమ్మీ," అన్నాడు.

ఫ్లాపీ పెట్టాను. ఒక్కో అక్షరం పైకి చదువుతూ కొట్టాను. ఫ్లాపీ తీసి, మళ్లీ స్విచ్చి వేశాను. సీ అక్షరం వచ్చింది. నేను అంతకుముందు చిన్నచూపు చూసిన ఆ ఉత్త సీ అక్షరమే. నా జన్మలో అంత అందమైన అక్షరం చూడలేదు. పోసన్నను పట్టుకుని గిరగిరా తిప్పాను, అగరొత్తుల గ్లాసు కిందపడి దొర్లింది. ప్రింటర్ గరగరమంటూ యాదయ్య గ్యాంగు కాగితం కక్కడం మొదలుపెట్టింది. ఏడో వరుసలో పోసన్న పేరు.

"గిదేనా?"

"గిదే అన్నా."

వేలితో ఆ అక్షరాలను రెండుసార్లు తడిమాడు. ఇద్దరి కళ్లల్లోనూ నీళ్లు. పొగ వల్ల అని ఇద్దరం ఒప్పుకున్నాం. మూడు గ్యాంగుల కాగితాలు దొంతిగా పెట్టేసరికి నాదిర్ సాబ్ వచ్చాడు. ముక్కు ఎగబీల్చి, తెర మీది బొట్టు చూసి, ఏమీ అడగకుండా సంతకాలు పెట్టి తీసుకుపోయాడు. ఆ పూట నేను నేల మీద నడిచినట్టు గుర్తు లేదు.

పది రోజులకు టిక్కెట్లు వచ్చాయి. నాదిర్ సాబ్ ఒక్కొక్కరినీ పిలిచి ఇచ్చాడు. అందరివీ అయిపోయాయి. నేను ఇంకా చెయ్యి చాపుకునే ఉన్నాను.

"సాబ్, నాది?"

ఆయన ఆశ్చర్యపోయాడు. "నీదేముంది? సిమెంటు పని మానేసినప్పుడే కురియన్ నిన్ను గ్యాంగులోంచి తీసి, ఆఫీసు అనే ఫైల్లో పెట్టాడు. ఆ కాగితం నువ్వు తేలేదు. నీకు సెలవు అక్కర్లేదేమో అనుకున్నా."

ఆఫీసు. అది మనిషి పేరు కాదు. ఊపులో ఎప్పుడో ఖలాస్ చేసి ఉంటాను. ఆ ఫైల్లో ఉన్నది నేనొక్కణ్నే. మిగిలిన కాగితాలన్నీ ప్రింటు తీశాను గాని, పోసన్న పేరు దొరికిన సంబరంలో నా పేరు వెతకనే లేదు.

నోరు తెరిచాను. నిజం చెబితే ఆఫీసు కుర్చీ పోయి మళ్లీ సిమెంటు తట్ట వస్తుంది. నోరు మూసుకున్నాను.

నాదిర్ సాబ్ నా భుజం తట్టి, అందరివైపూ తిరిగి అన్నాడు: "చూడండి. అందరూ ఇల్లు ఇల్లు అని పరిగెడుతుంటే, పని మీద ప్రేమతో సెలవు వదులుకున్న మనిషి." చప్పట్లు కొట్టమన్నాడు. ఇరవై తొమ్మిది మందీ కొట్టారు. అందరికంటే గట్టిగా కొట్టింది పోసన్న. నవ్వు ఆపుకోలేక అతని భుజాలు ఎగిరెగిరి పడుతున్నాయి.

కాబట్టి, అగ్ని సాక్షిగా, కనీసం అగరొత్తి సాక్షిగా, ఇందుమూలంగా ప్రమాణం చేస్తున్నాను. ఇకమీదట నా ఇంటిదైనా, ఆఫీసుదైనా, అత్తవారిదైనా సరే, కంప్యూటర్‌లో ఒక్క ఫైలునైనా తీసేయను. ఎవరైనా బలవంతపెడితే, తీసేసేముందు దాన్ని పూర్తిగా తెరిచి, అందులో నేను లేనని నిర్ధారించుకుంటాను.