పిన్ని వైపు వేడిగాలి

ఆ రోజుల్లో ఢిల్లీ మే నెల ఎండను తట్టుకోవడానికి నాకు తెలిసినవి రెండే దారులు. కూలర్ ముందు తడి తువ్వాలు కప్పుకుని శవంలా పడుకోవడం ఒకటి, మా బాబాయి కారెక్కడం రెండోది. స్వదేశం వెళ్లిపోతున్న ఎవరో దౌత్యవేత్త వదిలించుకుంటుంటే కొన్న కారది. పొడవెంతంటే, ముందు చక్రాలు మోతీ బాగ్ చేరినా డిక్కీ ఇంకా ఆర్.కె. పురంలోనే ఉండేది. దాని ఏసీలో డ్రైవరుకొక చలి, పక్క సీటుకొక చలి, ఎవరి బటన్లు వారివి. "మొగుడికీ పెళ్లానికీ వేరువేరు వాతావరణాలురా!" అని క్వార్టర్లలో ప్రతి తలుపూ తట్టి చెప్పొచ్చాడు బాబాయి. (పెళ్లయిన దగ్గర్నుంచీ అలాగే ఉన్నాంగా, దానికి కారెందుకూ అనేది పిన్ని.)

ఆ వేసవిలోనే పిన్నికి క్యాన్సరు మందు ఎక్కించడం మొదలుపెట్టారు. వేడి తగిలితే చాలు, కడుపులో తిప్పేసేది. వెనక సీట్లో కూర్చుంటే కుదుపులకు వాంతులు. ఒకసారి ఆటోలో వెళ్లొచ్చి, "ఇంక నన్నెక్కడికీ తీసుకెళ్లొద్దు" అని గోడవైపు తిరిగి పడుకుంది. చల్లగా, ముందు సీట్లో అయితేనే వస్తానని చివరికి ఒప్పుకుంది. సరిగ్గా అప్పుడే కారు బ్యాటరీ ప్రాణం విడిచింది. కొత్తది వేయించాం. మర్నాడు ఆసుపత్రికి బయల్దేరదామని ఇంజను స్టార్టు చేస్తే బాబాయి వైపు కేదారనాథ్, పిన్ని వైపు గుమ్మడి వడియాలు గంటలో ఎండిపోయే గాలి!

నేనప్పుడు నోయిడాలో కొత్తగా సాఫ్ట్‌వేరు ఉద్యోగంలో చేరాను కనుక ప్రపంచంలో బటన్ ఉన్న ప్రతి వస్తువూ నా శాఖే. వెనకనుంచి మెడ సాచి పిన్ని వైపు తగ్గించాను. బాబాయి మొత్తం ఆపేశాడు. నేను మళ్లీ వేశాను.

"తగ్గించరా!"

"తగ్గించా బాబాయ్! నువ్వేగా ఆపేశావు!"

"అరే యార్, నువ్వు ముట్టుకున్నాకే మరీ మండిపోతోంది!"

పిన్ని తలుపు తెరిచి ఒక కాలు కింద పెట్టింది. "నేను ఇంట్లోకి పోతున్నా. మీరిద్దరూ వెళ్లి ఆ మందు ఎక్కించుకు రండి."

హిందీలో ఆటోవాళ్లందరినీ గడగడలాడించే బాబాయి గొంతు పీలగా అయిపోయింది. "దిగకే. నీ ఇష్టం, ఏం చెయ్యమంటే అది చేస్తాం."

"అయితే ఐదు నిమిషాలు నోళ్లు మూసుకుని, దేన్నీ ముట్టుకోకుండా కూర్చోండి. అప్పటికీ ఇలాగే ఉంటే దిగిపోతా."

మా వంశంలో ఐదు నిమిషాల మౌనం అదే మొదలు. డాష్‌బోర్డు లోపల ఏదో టకటకమంది. గాలి గోరువెచ్చనైంది, చల్లబడింది. (బ్యాటరీ మారిస్తే లోపల గాలిని మళ్లించే తలుపులు తమ హద్దులు మరిచిపోతాయనీ, కాసేపు వదిలేస్తే అవే వెతుక్కుంటాయనీ తర్వాత తెలిసింది. మేము ప్రతిసారీ మధ్యలో బటన్ నొక్కి వాటిని చెడగొట్టాం.) పిన్ని కాలు లోపలికి తీసుకుని తలుపేసుకుంది.

ఆసుపత్రి ముందు నేనాగలేకపోయాను. "చూశావా పిన్నీ, నా సెట్టింగే పనిచేసింది!"

"అవున్రా, నువ్వు ముట్టుకోకపోవడం బాగా పనిచేసింది" అని నీరసంగా నవ్వి, బాబాయి చెయ్యి పట్టుకుని లోపలికి నడిచింది.

మందు పూర్తిగా ఎక్కించారు. అయినా మరుసటి వేసవికి పిన్ని లేదు. ఆ సీట్లో నేను కూర్చునేవాణ్ణి. బాబాయి ఆ వైపు గాలిని పిన్నికి ఉంచినంత చల్లగానే ఉంచేవాడు. నా పళ్లు టకటకా కొట్టుకునేవి. సమస్త బటన్ల నిపుణుడైన ఆ నోయిడా కుర్రాడు, వేలెడు దూరంలో ఉన్న బటన్ని ఒక్కసారి కూడా నొక్కలేదు. వాడు చేసిన ఇంజనీరింగు మొత్తంలో నాకిప్పటికీ ముచ్చటేసేది అదొక్కటే.