ఆర్కిడ్‌ను చంపింది ఎవరి చూపు?

మొక్క చస్తే మీరు ముందు వేళ్ళు చూస్తారా, పక్కింటి మనిషి మొహం చూస్తారా?

జగిత్యాలలో పువ్వు చూసి మురిసి, చెప్పు ఆకారంలో పూసే స్లిప్పర్ ఆర్కిడ్ కొన్నాను. కోరుట్లలో మా ఇంట్లో పసుపు చేను నుంచి తెచ్చిన నల్లమట్టి నింపిన కుండీలో నాటి, రోజూ చెంబెడు నీళ్ళు పోశాను. నెలకే ఆకులు వాడిపోయాయి.

"మొగుడు వోయినామె కండ్లు వడ్డయి, గందుకే గిట్లయింది," అంది అమ్మ, భర్త పోయిన పక్కింటి పెద్దమ్మకు వినబడేలా. నేను నోరు మెదపలేదు. పెద్దమ్మ రావడం మానేసింది.

తర్వాత కుండీ బోర్లిస్తే వేళ్ళన్నీ కుళ్ళి ఉన్నాయి. బెరడు ముక్కల్లో పెంచాల్సిన మొక్కను బురదలో ముంచింది నేనే. పెద్దమ్మ దగ్గరికి వెళ్ళి, తప్పు నాదేనని ఒప్పుకుని ఇంటికి రమ్మన్నాను.

"వద్దు బిడ్డా, నేనస్తే మీ తులసి సుత ఎండుతది," అని తలుపు వేసుకుంది.

మీ ఇంట్లో ఎవరైనా దిష్టి మాట ఎత్తితే ఊరుకోకండి. అది అబద్ధమని అప్పుడే, నింద పడ్డ మనిషి వినేలా, గట్టిగా చెప్పండి.