ఏడో నియమం

చెరుకు కోసిన క్షణం నుంచే తీపి తరగడం మొదలవుతుంది. పదహారు గంటలు దాటాక మిల్లుకు చేరే గడలో బరువు ఉంటుంది కాని పస ఉండదు. కనుక ఆస్ట్రేలియాలోని మెకాయ్ పట్టణం వెనుక లోయలో ఏ పొలం పక్కకు ఎన్ని గంటలకు ఖాళీ రైలుపెట్టెలు చేర్చాలో, నిండినవాటిని ఏ వరుసలో లాక్కురావాలో నిర్ణయించే మనిషి చేతిలోనే రైతుల ఏడాది కష్టమంతా ఉండేది. ఇరవై రెండేళ్లపాటు ఆ మనిషి నెవిల్ ట్రెవిన్.

నాలుగు ఇంజన్లు, పొలాల పక్కన పెట్టెలు నిలిపే ముప్పై ఒక్క సైడింగులు, ఒకే సన్నపట్టాల దారి. ఏ రోజు పట్టికను ఆ రోజు పెన్సిలుతో గీసి, ఏడాది చివర కట్టగట్టి బీరువాలో పెట్టేవాడు. కాగితం పారేయనివాడినని అతనికి గర్వం. దాచిన కాగితాన్ని మళ్లీ చదవాలన్న ఇంగితం మాత్రం అతనికి లేకపోయింది.

1983 కోతల మొదట్లో మిల్లువారు ఆ పట్టికను కంప్యూటరుతో వేయించదలచి, రోండా పిక్కరింగ్ అనే గణితజ్ఞురాలిని పిలిపించారు. ఆమె ముందుగా నెవిల్ ఎదుట కూర్చుని, అతను పాటించే నియమాలన్నీ చెప్పమంది. కాగితం చూడకుండా పదకొండు చెప్పాడు. ఏడోది ఇది: వాగు అవతలి సైడింగుకు రోజులో చివరి ఇంజనే, అదీ నడక వేగంతో, వెళ్లాలి, వంతెన బలహీనం.

రెండు వారాలకు, అవే నియమాలతో యంత్రం ఇచ్చిన పట్టికకూ అతని పట్టికకూ తేడా తొమ్మిది నిమిషాలే. ఆ పూట క్యాంటీనులో నెవిల్ అందరికీ టీ ఇప్పించి, తన పెన్సిలుకు పెన్షను ఇవ్వమని నవ్వించాడు.

మర్నాడు రోండా ఇంకో కాగితం తెచ్చింది. నియమాలను ఒక్కొక్కటిగా తీసివేసి, ఏది ఎంత నష్టం చేస్తోందో చూసిందట. పదింటి వల్ల పెద్ద తేడా లేదు. ఏడోది తీస్తే ఇంజన్లకు రోజుకు రెండు గంటలు మిగులుతున్నాయి. వాగు అవతలి చెరుకు ఇరవై ఆరు గంటలకు బదులు పద్నాలుగు గంటల్లోనే మిల్లు చేరుతోంది. మరే రైతుకూ నిమిషం నష్టం లేదు.

"వంతెన బాగుచేయిస్తే సరిపోతుంది కదండీ, నెవిల్ గారూ?"

"అదేమన్నా మా ఇంటి గేటా అమ్మాయ్, మేకు కొట్టి వచ్చెయ్యడానికి?"

ఇద్దరూ వెళ్లి చూశారు. వాగు మీద కాంక్రీటు వంతెన ఉంది. దాని దిమ్మె మీద 1970 అని పోతపోసి ఉంది. ఇంజను డ్రైవరును అడిగితే, నెమ్మదిగా పొమ్మన్నారు, పోయాం, ఆఫీసులో ఏం తెలుసో మాకేం తెలుసు అన్నాడు.

నెవిల్ బీరువా తెరిచాడు. వరదలో పాత వంతెన కుంగినప్పటి తాత్కాలిక ఉత్తర్వు, 1968 మార్చి 11. పని పూర్తయింది, ఆంక్ష ఎత్తివేయవచ్చునన్న లేఖ, 1970 మే 4. దాని మూల అతని పొడి సంతకం. బల్ల మీద కప్పు అడ్డుపెడితే చుట్టూ తిరిగే చీమలు, కప్పు తీశాక కొద్దిసేపటికే తిన్నని దారి కనుక్కుంటాయి. లేని కప్పు చుట్టూ పదమూడేళ్లు తిప్పినవాడు మనిషి.

ఆ సైడింగు మీద ఆధారపడ్డ పొలం ఒక్కటే. మాల్టా నుంచి వచ్చిన సాల్వు వెల్లాది. ప్రతి శుక్రవారం మిల్లు నోటీసు బోర్డు మీద వేసే తీపి శాతాల్లో ఏటా అట్టడుగున ఉండేది అతని పేరే. వెల్లా పొలంలో చెరుకు కాదు, ఉప్పు పండుతుందని బోర్డు ముందు అందరినీ నవ్వించింది నెవిలే. ఆ తర్వాత సాల్వు బోర్డు చూడటానికి రావడం మానేశాడు. నాలుగేళ్ల క్రితం, తనకు సేద్యం చేతకాలేదన్న నమ్మకంతోనే పోయాడు.

నియమం తీసేశాం కదా, పాతది తవ్వితే అందరికీ తలనొప్పే అన్నాడు మేనేజరు. తప్పును దిద్దడమూ ఒప్పుకోవడమూ ఒకటేనని నమ్మే మహానుభావులు ప్రతి ఆఫీసులోనూ ఒకరుంటారు. నెవిల్ ఆ రెండు కాగితాలూ తీసుకుని సాల్వు భార్య కార్మెనా ఇంటికి వెళ్లాడు.

ఆమె పొయ్యి ఆర్పి, చేతులు తుడుచుకుని, రెండూ చదివింది. అతను కూర్చోలేకపోయాడు.

"ఆ ఉప్పు మాట అన్నది మీరే కదూ?"

"నేనేనమ్మా."

"బోర్డు దగ్గరే కదూ?"

"అక్కడే."

"అయితే ఈ ముక్క కూడా అక్కడే చెప్పండి. నా వంటింట్లో చెబితే ఆయనకేం లాభం?"

శుక్రవారం మధ్యాహ్నం రైతులంతా గుమిగూడినప్పుడు, నెవిల్ ఆ కాగితాలను తీపి శాతాల పక్కన గుచ్చి, టోపీ తీసి, తేదీలతో సహా చదివాడు. సాల్వు సేద్యంలో తప్పు లేదని, తప్పంతా తన పట్టికలోనే ఉందని చెప్పాడు. ఎవరూ నవ్వలేదు. ఒకప్పుడు అతనితో కలిసి నవ్వినవాళ్లు నేల చూశారు.

కార్మెనా వెనక నిలబడి అంతా విన్నది. క్షమించానని అనలేదు.

"రేపు పెట్టెలు ఎన్నింటికొస్తాయి?"

"ఏడున్నరకి. మొదటి ఇంజను మీ పొలానికే."

"సరే. ఆరింటికే కోత మొదలెట్టిస్తాను," అని వెళ్లిపోయింది. నెవిల్ చేతిలోని టోపీ అప్పటికింకా తలమీదికి చేరలేదు.